కోట స్టాపులో దిగిన కండక్టరమ్మ

ఆమెకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉండేది. డ్యూటీ చార్టులో తప్ప ఆ పేరు ఇంకెక్కడా కనబడేది కాదు. బస్సు డిపోలో కండక్టరుగా చేరిన మొదటి వారంలోనే ఓ ముసలి డ్రైవరు, "ఈ పిల్లకి ఈల ఎందుకిచ్చారయ్యా, దండగ!" అని అక్కడికక్కడే 'మైకమ్మ' అని నామకరణం చేసేశాడు. ఆ పేరు బస్సెక్కి ఊరంతా తిరిగింది. చివరికి ఇంటికొచ్చే పాలవాడు కూడా "మైకమ్మగారూ" అని పిలిచేవాడు.

ఆ గొంతు ఉత్తినే వచ్చింది కాదు. ఆమె తండ్రి రేకుల పనివాడు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. తెల్లారింది మొదలు ఆయన సుత్తితో బకెట్లూ, గరాట్లూ, పొగగొట్టాలూ కొడుతూనే ఉండేవాడు. ఆ ఇంట్లో ఆకలేస్తోందని చెప్పాలన్నా సుత్తి మోతను దాటుకునే చెప్పాలి. పిల్లల్లో ఆఖరిది కాబట్టి అక్కల్నీ అన్నల్నీ కూడా దాటుకోవాలి. అలా సానపట్టిన గొంతు అది. బడిలో మాస్టారు ఆమెను చివరి బెంచీలో కూర్చోబెట్టి, "నువ్వు అక్కణ్ణుంచి ఎక్కం చెబితే చాలమ్మా, పక్క క్లాసుక్కూడా పాఠమైపోతుంది" అనేవారు.

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి గడియారాలు బాగుచేసే మొగుణ్ణి కట్టబెట్టాడు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో ఆవగింజలో సగం ఉండే పళ్లచక్రాన్ని పట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి వదిలే రకం. వెనక గదిలోంచి ఆమె "ఏమండీ!" అంటే చాలు, పట్టకారులోంచి చక్రం ఎగిరిపోయేది. ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని బల్ల కింద వెతికేవాళ్లు. "పెళ్లైన కొత్తలో మేం మనసు విప్పి మాట్లాడుకున్నదంతా ఆ బల్ల కిందే" అని ఆమె తర్వాత్తర్వాత నవ్వుతూ చెప్పేది.

మేడమీద గదిలో ఆయన అక్కగారు ఉండేది. ఆవిడకి పార్శ్వపునొప్పి. కిటికీ రెక్క కొట్టుకున్నా కణతలు పట్టుకునేది. చెడ్డ మనిషి ఎంతమాత్రం కాదు. మైకమ్మ డ్యూటీకి పోతే ఆమె కూతుర్ని ఒళ్లో వేసుకుని పెంచింది ఆవిడే. కానీ రోజులో ఎన్నిసార్లో మెట్లమీంచి ఆ ఒక్క మాట జారుకుంటూ కిందికి వచ్చేది: "అమ్మాయ్, కాస్త నెమ్మది!"

"సరే వదినగారూ!" అని మైకమ్మ బదులిచ్చేది. ఆ బదులుకి ఆవిడ కణతలు ఇంకోసారి పట్టుకునేది.

బస్సులో మాత్రం నెమ్మది అనేవాడు లేడు. మైకమ్మకి ఎక్కువగా సముద్రపు ఒడ్డు రూటే పడేది. గాలి హోరు, ఇంజిను రొద, మీద మీద పడే జనం. వాటన్నిటి మీదుగా ఆమె "హోల్డాన్!" అంటే బస్సే కాదు, పక్కన పోతున్న సైకిలు కూడా ఆగేది. "రైట్ రైట్!" అంటే ఆగిన సైకిలు మళ్లీ కదిలేది.

ఆ రూటులో ఒక మలుపు దగ్గర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద పాత కోట ఉండేది. ఒకప్పుడు సైన్యం చేతిలో ఉండి, వాళ్లు వదిలేశాక పిచ్చిమొక్కల చేతిలోకి పోయింది. చుట్టూ ముళ్లకంచె, కంచెకి 'ప్రవేశం లేదు' అనే బోర్డు. అయినా బస్సుల పట్టికలో కోట స్టాపు అలాగే ఉండిపోయింది. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు. మైకమ్మ మాత్రం ప్రతి ట్రిప్పులోనూ ఫుట్‌బోర్డు మీద నిలబడి, "కోటా! కోట స్టాపు! కోట దిగేవాళ్లు ముందుకు రావాలి!" అని పిలిచేది.

"ఎవరు దిగుతారే తల్లీ, దయ్యాలా?" అనేవాడు డ్రైవరు.

"దిగితే దిగుతారు, లేకపోతే లేదు. స్టాపన్నాక పిలవాలా వద్దా?"

పిలిచి, ఆ కాస్త సేపు కంచె వైపు చూసేది. మొక్కల సందులోంచి ఒక పెద్ద నల్లటి గొట్టం మూతి సముద్రం వైపు తెరుచుకుని కనబడేది. అందులో పిట్టలు గూళ్లు పెట్టేవి. అది ఫిరంగి అని అందరికీ తెలుసు. దాన్ని ఎప్పుడు పెట్టారో, ఎప్పుడైనా పేలిందో లేదో ఎవరికీ తెలియదు. ఒక్కసారి దగ్గరికెళ్లి ఆ మూతిలోకి తొంగిచూడాలని మైకమ్మకి ఉద్యోగంలో చేరిన ఏడాది పుట్టిన కోరిక రిటైరయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. ముందు గదిలో గడియారాలు, పై గదిలో పార్శ్వపునొప్పి, మధ్యలో ఆమె. మొదట్లో వేషం కట్టినట్టు గొంతు తగ్గించి మాట్లాడటం సాధన చేసింది. తనకే నవ్వొచ్చేది. తర్వాత నవ్వు కూడా రావడం మానేసింది. అన్నం సయించేది కాదు. ఏం పోగొట్టుకున్నానో తెలియని మనిషిలా గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి గదిలోకీ తిరిగేది. మొగుడు గమనించాడు. ఒకరోజు భూతద్దం తీసి పక్కన పెట్టి, "ఏమే, కాస్త గట్టిగా మాట్లాడు. ఇల్లు బోసిగా ఉంది" అన్నాడు. "మీ చక్రాలు ఎగిరిపోతాయండీ" అంది ఆమె మెల్లిగా. అలా ఆమె మెల్లిగా అనడం విని ఆయనకు భయం వేసింది.

అలాంటి రోజుల్లో పేపర్లో వార్త వచ్చింది. కోటను బాగుచేశారట. ఆమె ఉద్యోగం దిగిన దగ్గర్నుంచీ ఊరివాళ్లూ, పోర్టు ఇంజినీర్లూ, రాతిపనివాళ్లూ కలిసి మొక్కలు పీకి, కందకంలో ఇసుక తోడి, తలుపులకు రంగులు వేశారట. వచ్చే ఆదివారం జనాన్ని లోపలికి వదులుతారట. అన్నిటికన్నా పెద్ద మాట ఆఖరి వరుసలో ఉంది. ఆరోజు ఫిరంగి పేలుస్తారట!

"ఏమండీ!"

ముందు గదిలో ఏదో ఎగిరి ఎక్కడో పడింది. ఆయన నేలమీద వెతుక్కోవడం మాని, మొహమంతా నవ్వు చేసుకుని వెనక గదిలోకి వచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున మైకమ్మకి కాలు నిలవలేదు. చీర కట్టింది, నచ్చలేదు, ఇంకోటి కట్టింది. మొగుడి చొక్కా తనే ఇస్త్రీ చేసి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీయడం మరిచిపోయి మళ్లీ పరిగెత్తింది. ఎవరూ పిలవకుండానే వదినగారు కూడా చెవుల్లో దూది పెట్టుకుని, చేతిలో గొడుగుతో మెట్లు దిగింది.

"మీరెందుకు వదినగారూ, ఫిరంగి మోతకి?"

"ఇన్నేళ్లు నీ మోత భరించాను. అదెంతలే" అంది ఆవిడ.

బస్సు మలుపు తిరిగింది. కుర్ర కండక్టరు "ఫోర్ట్, ఫోర్ట్" అని ముక్కులో గొణిగాడు. మైకమ్మ ఉండబట్టలేకపోయింది. సీట్లోంచి లేచి, "కోటా! కోట స్టాపు! కోట దిగేవాళ్లు ముందుకు రావాలి!" అని అందుకుంది. బస్సులో సగం మంది ఉలిక్కిపడి చూశారు. మిగతా సగం మంది గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు. ఆరోజు బస్సంతా ఆ స్టాపులోనే ఖాళీ అయింది.

కోటలోకి అడుగుపెట్టగానే ముగ్గురూ మూడు దిక్కులకు పోయారు.

చెక్కవంతెన దాటి, ఇనుపమేకుల తలుపు దాటి, చీకటి సొరంగంలోంచి నడిస్తే ఒక్కసారిగా బురుజు మీద తేలతారు. కింద అలలు, పైన ఆకాశం, మధ్యలో అది. మైకమ్మ బస్సులోంచి చూసిన నల్లటి మూతికి వెనక ఇంత ఒళ్లుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక బస్సు బారున పడుకున్నట్టుంది. అడుగున అరచంద్రుడిలా వంగిన రెండు ఇనుపపట్టాలు, వాటిమీద చక్రాలు. ఎటు కావాలంటే అటు ఫిరంగిని తిప్పుకోవచ్చు. ఊరివాళ్లు దానికి 'బుజ్జి' అని పేరు పెట్టారు. ఎత్తుకుపోయే మొనగాడు ఎవరూ పుట్టక ఇన్నాళ్లు అక్కడే మిగిలిపోయిందట. ఒక్క శత్రువు ఓడనైనా కొట్టిన పాపం దానికి లేదట. కాపలా కాసీ కాసీ ముసలిదైపోయింది. ఇంకా మరమ్మతు పూర్తి కాలేదని చుట్టూ కర్రలు కట్టి ఉన్నాయి. ఆరోజు పేల్చబోయేది దీన్ని కాదు, పక్క బురుజు మీదున్న చిన్నదాన్ని. మైకమ్మ అదేమీ పట్టించుకోలేదు. ముందుకు వెళ్లి, మునివేళ్లమీద నిలబడి, ఆ మూతిలోకి తలపెట్టి చూసింది. తన ముఖమంత చల్లటి చీకటి. పిట్టలు లేవు. "ఓయ్!" అంది. లోపల్నుంచి "ఓయ్!" అని ఇంకా లావు గొంతుతో ఎవరో పలికారు. ఆమె ఒళ్లు ఝల్లుమంది.

మొగుడు ఈలోగా బుజ్జి వెనకభాగం దగ్గర చతికిలబడ్డాడు. గొట్టాన్ని పైకీ కిందికీ ఆడించే పళ్లచక్రం ఒకటి అక్కడుంది. ఆయన అలవాటుగా జేబులోంచి భూతద్దం తీసి, ఆ చక్రం వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చక్రం బండిచక్రమంత ఉంది. "అదేనే! గోడగడియారంలో ఉండేది అచ్చం ఇదే!" అంటూ దాని పళ్లను ఒక్కొక్కటీ పసిపిల్ల పళ్లు తడిమినట్టు తడిమాడు. జీవితంలో మొదటిసారి పట్టకారు అక్కర్లేని చక్రం దొరికింది ఆయనకి.

వదినగారు మాత్రం మెట్లు దిగి భూగర్భంలోకి వెళ్లిపోయింది. అది ఒకప్పటి మందుకొట్టు, ఫిరంగిమందు సంచులు దాచే చోటు. గోడలు మనిషి పొడవంత మందం. నిప్పు మందుకి తగలకుండా దీపాలు పెట్టడానికి గోడల్లో గాజు బిగించిన గూళ్లు. పై బురుజు నుంచి మాట వినబడటానికి గోడలోంచి ఒక ఇత్తడి గొట్టం. ఆ చల్లదనంలో, ఆ నిశ్శబ్దంలో ఆవిడ ఒక రాతి అరుగు మీద కూర్చుని, చెవుల్లో దూది తీసేసి, కళ్లు మూసుకుంది.

పైన గాలి జోరందుకుంది. చిన్న ఫిరంగి చుట్టూ జనం మూగారు. పేల్చే జట్టంతా ఊరివాళ్లే. ఒక బేకరీ ఆయన, పోర్టులో వెల్డరు, ఒక పళ్ల డాక్టరు, ఇంకొందరు, అందరూ నీలం చొక్కాల్లో. వాళ్ల నాయకుడు బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయనకి సరిగ్గా ఆరోజే జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. చేతిలో మైకు ఉంది గానీ, సముద్రపు తేమకి అది గుర్రుమని మూలిగి ఊరుకుంది. ఆయన నోరు తెరిచి ఏదో చెబుతున్నాడు. మాట నోట్లోంచి వచ్చీ రాకముందే గాలి ఎత్తుకుపోతోంది.

ఆయన చెబుతున్నది ఇదీ: గుండు పెట్టడం లేదు, ఉత్త మందే దట్టిస్తున్నాం. కానీ ఉత్త మందైనా మూతి ముందు మనిషి ఉంటే మాడిపోతాడు. కట్టిన తాడు ఎవరూ దాటొద్దు. ముందు వరుసవాళ్లు విన్నారు. వెనకవాళ్లకి ఆయన నోరు కదలడమే తెలిసింది.

మైకమ్మ పొట్టి మనిషి. జనం భుజాల మధ్యనుంచి ఏమీ కనబడక, పక్కకి నడిచి బురుజు గోడ వంపు తిరిగే చోట నిలబడింది. అక్కణ్ణుంచి ఫిరంగి పక్క నుంచి కనబడుతుంది, గోడకి అవతలి వైపు కూడా కనబడుతుంది. బేకరీ ఆయన తడిగుడ్డ చుట్టిన గడతో గొట్టం లోపల తుడిచాడు. పళ్ల డాక్టరు మందుసంచి అందించాడు. గడతో దట్టించారు. వెల్డరు వెనక రంధ్రంలో, లాగితే రాజుకునే నిప్పుగొట్టం గుచ్చి, దానికి కట్టిన తాడు చేతికి చుట్టుకుని దూరంగా జరిగాడు. మాస్టారు చెయ్యి పైకెత్తాడు.

అప్పుడు చూసింది మైకమ్మ. గోడకి అవతల, ఫిరంగి మూతికి సరిగ్గా కింద, ఒక రాతి చప్టా ఉంది. ఎవరో ఒకాయన తాడు కింద నుంచి దూరి అక్కడికి దిగాడు. పెళ్లాన్నీ, చంటిదాన్నీ కూడా దింపాడు. వెనక సముద్రం బాగుందని ఫోటో కోసం వాళ్లను నిలబెట్టి, తను వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. జట్టువాళ్లకి మధ్యలో గోడ అడ్డం. వాళ్లకి ఆకాశమే కనబడుతోంది. మాస్టారి చెయ్యి కిందికి దిగబోతోంది.

"హోల్డా-న్!"

ఆ కేక ఆమె నోట్లోంచి కాదు, అరికాళ్లలోంచి వచ్చింది. గాలి దాన్ని ఎత్తుకుపోలేకపోయింది. ఆ ఊళ్లో బస్సెక్కనివాడు ఎవడు? మాస్టారి చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. వెల్డరు తాడు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. జనం మొత్తం, కదులుతున్నవాడు కదులుతున్నట్టే, ఆగిపోయారు. గేటు బయట స్టాపులో కదలబోతున్న బస్సు కూడా బ్రేకు వేసిందని తర్వాత చెప్పుకున్నారు.

"మూతి కింద మనుషులున్నారు! పసిపిల్ల ఉంది!" అని ఆమె చెయ్యి చాచి చూపించింది.

బేకరీ ఆయన గోడమీదికి ఎగబాకి కిందికి చూసి తెల్లబోయాడు. ఇద్దరు దూకి, ఆ కుటుంబాన్ని చేతులమీద పైకి లాగారు. చంటిది హాయిగా నవ్వుతోంది. తల్లి ఫిరంగి మూతిని చూసింది, మొగుణ్ణి చూసింది. ఆ తర్వాత ఆయనకి జరిగిన మర్యాద వినడానికి మైకమ్మ గొంతు అక్కర్లేకపోయింది.

మాస్టారు జనాన్ని తోసుకుంటూ మైకమ్మ దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయింది. మధ్యలో అరిచినందుకు తిడతాడేమో అనుకుంది ఆమె.

"అమ్మా," అన్నాడు ఆయన గుసగుసగా, ఉన్న గొంతంతా కూడదీసుకుని. "సముద్రం రూటు మైకమ్మగారు కదూ మీరు?"

"అవునండీ."

"నేను చెవిలో చెబుతాను. మీరు బయటికి చెబుతారా? ఈ గాలికి నావల్ల కాదు. ఇప్పుడు చూశాంగా ఏమయ్యేదో."

మైకమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన జనంలోంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, వెళ్లు వెళ్లు అని.

మొదట తాడు దాటొద్దన్న మాట చెప్పించాడు మాస్టారు. ఆమె చెప్పింది. తాడుకి దూరంగా ఉన్నవాళ్లు కూడా ఇంకో అడుగు వెనక్కి వేశారు. తర్వాత గోడకి రెండు పక్కలా మనుషుల్ని కాపలా పెట్టారు. మాస్టారు ఒక్కో మాటా గుసగుసలాడాడు, ఆమె ఒక్కో మాటా సముద్రానికి వినబడేలా చెప్పింది. "జట్టు సిద్ధం!" "ముందు ఎవరూ లేరు!" "తాడు పట్టు!" ఒక్కో మాటకీ ఆమె గొంతు విచ్చుకుంటూ పోయింది. అన్నాళ్లు గదిలో మడతపెట్టి ఉంచిన తెరచాపకి గాలి తగిలినట్టయింది. చివరికి మాస్టారు ఆమె చెవిలో "పేల్చు" అన్నాడు.

మైకమ్మ గుండెలనిండా గాలి తీసుకుంది. ఉద్వేగంలో నోటికి ఏది అలవాటో అదే వచ్చింది.

"రైట్ రైట్!"

వెల్డరు ఒక్క క్షణం తెల్లమొహం వేసి, మరుక్షణం తాడు లాగాడు.

ఢామ్మని పేలింది. కాళ్ల కింద రాయి అదిరింది. పొగ గుప్పుమని సముద్రం మీదికి పరుచుకుంది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. క్షణం సేపు ఎవరి చెవులూ పనిచేయలేదు. ఆ తర్వాత నవ్వులు, ఈలలు, చప్పట్లు. "రైట్ రైట్!" అని జనమంతా అందుకున్నారు. మాస్టారు శబ్దం లేకుండా, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మైకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సిగ్గుతో, సంబరంతో చిన్నపిల్లలా గెంతింది.

పొగ తేలిపోయాక వదినగారు తాపీగా మెట్లెక్కి పైకి వచ్చింది. "ఇంకా పేల్చలేదేంట్రా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"పేలిపోయిందక్కా! నీకు వినబడలేదా?"

"ఏదో తలుపు పడ్డట్టు అనిపించిందిలే. అమ్మాయి గొంతు మాత్రం ఆ ఇత్తడి గొట్టంలోంచి శుభ్రంగా వినబడింది" అంది ఆవిడ.

ఆ మర్నాడే మాస్టారు ఇంటికొచ్చి, ఆజ్ఞలు కేకేసే పనికి మైకమ్మని జట్టులోకి రమ్మన్నాడు. నీలం చొక్కా కూడా తెచ్చాడు. చీరమీద నీలం చొక్కా తొడుక్కుని ఆమె అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో లెక్కలేదు.

అయితే అంతా సులువుగా సాగలేదు. ఫిరంగి దగ్గర అరవడం చిన్న పని, ఆగడం పెద్ద పని. జట్టులో ప్రతి మనిషీ తన వంతు ముగించి చెయ్యి ఎత్తాలి. అన్ని చేతులూ లేచేదాకా నాయకుడు నోరు విప్పకూడదు. ఒకరోజు మందు లేకుండా సాధన చేస్తుంటే, బేకరీ ఆయన ఇంకా గడతో మూతి ముందే ఉండగా, మైకమ్మ హుషారులో "పేల్చు!" అనేసింది. నిజంగా మందు ఉంటే మనిషి పోయేవాడు. మాస్టారు అప్పటికి గొంతు తిరిగొచ్చినవాడు. అందరి ముందూ గట్టిగా కోప్పడ్డాడు. ఆమె చొక్కా విప్పి మడతపెట్టి ఇంటికొచ్చేసింది. తర్వాతి సాధనకి వెళ్లలేదు. దాని తర్వాతిదానికీ వెళ్లలేదు.

మేడమీంచి వదినగారు దిగింది. "అమ్మాయ్! ఇన్నేళ్లు నేను నెమ్మది నెమ్మది అంటే ఒక్కపూటైనా విన్నావా? ఆయనెవరో ఒక్క మాటంటే మూల కూర్చుంటావా? లే, చెప్పులేసుకో. నాకూ ఆ కింది గదిలో కూర్చోకపోతే తల బద్దలవుతోంది."

మైకమ్మ లేచింది. వెళ్లి బేకరీ ఆయన ముందు నిలబడి, "తప్పైపోయింది తమ్ముడూ" అంది. "ఈసారి నా చెయ్యి చూశాకే అరవక్కా, చాలు" అన్నాడు ఆయన. ఆ రోజు నుంచి ఆమె చేతులు చూడటం నేర్చుకుంది. అరవబోయి, పెదవి కరుచుకుని, ఒక్కొక్కరి చేతినీ కళ్లతో ముట్టుకుంటూ వచ్చేది. తర్వాతే నోరు తెరిచేది.

గడియారాలాయన ఆదివారాలు బుజ్జికి అంకితం చేశాడు. ఇంజినీర్లతో కలిసి పళ్లచక్రాల్లో గట్టిపడిన పాత గ్రీజు గీకి, నూనె పట్టించాడు. చక్రం మొదటిసారి కదిలి, అంతటి గొట్టం అంగుళం పైకి లేచిననాడు ఆయన ఇంటికొచ్చి ఎంత గట్టిగా మాట్లాడాడంటే, భార్యే "ఏమండీ, కాస్త నెమ్మది" అనాల్సి వచ్చింది.

మరుసటి ఏడు బుజ్జి చుట్టూ కట్టిన కర్రలు విప్పారు. ఇంజినీర్లు గొట్టం లోపల ఎక్కడైనా బీటలున్నాయేమోనని ఎన్నో విధాల పరీక్ష చేసి, తక్కువ మందుతో పేల్చొచ్చు అన్నారు. ఆరోజు కోటలో కాలు పెట్టడానికి చోటు లేదు. కింద ఇసుకలో జనం, గుట్టల మీద జనం, బస్సుల పైకప్పుల మీద జనం. పక్షులు సైతం ఎందుకో దూరంగా పోయి వాలాయి.

నాయకుడి చోట మైకమ్మ నిలబడింది. మాస్టారే చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. తను గడ పట్టుకునే వరుసలోకి వెళ్లాడు. ఎదురుగా ఎండలో మిలమిలలాడే సముద్రం, దాని అంచున బొమ్మలా నిలిచిన ఒక సరుకు ఓడ. ఆమె గోడకి అవతల చూసింది. ఎవరూ లేరు. పట్టాల మీద చూసింది. ఎవరూ లేరు. తడిగుడ్డతో తుడిచారు, మందు పెట్టారు, మాస్టారూ బేకరీ ఆయనా కలిసి దట్టించారు. వెల్డరు తాడు అందుకున్నాడు. చేతులు లేవసాగాయి. ఒకటి తగ్గింది. వెనక చక్రం దగ్గర మొగుడు, కళ్లప్పగించి బుజ్జినే చూస్తూ, చెయ్యి ఎత్తడం మరిచిపోయాడు. అంత జనం, అంత ఉత్కంఠ. ఆమె నోరు విప్పలేదు. నిలబడింది. ఆయన తల తిప్పి, భార్య చూపు చూసి, నాలిక కరుచుకుని చటుక్కున చెయ్యెత్తాడు.

"రైట్... రై...ట్!"

బుజ్జి పేలింది. చిన్నదాని మోత చెవికి తగిలితే, దీని మోత ఎముకలకి తగిలింది. అంత బరువైన గొట్టం పట్టాల మీద వెనక్కి జారి, బుసకొట్టి ఆగింది. నిప్పునాలుక ఒకటి సముద్రం మీదికి సాగి మాయమైంది. పొగలో ఎవరికి ఎవరూ కనబడలేదు. కేకలేస్తున్నారో ఏడుస్తున్నారో తెలియదు. మాస్టారు బేకరీ ఆయన్ని వాటేసుకున్నాడు. గడియారాలాయన చక్రాన్ని వాటేసుకున్నాడు.

పొగ సగం తేలేసరికి దూరంగా సముద్రం మీంచి ఒక శబ్దం వచ్చింది. లావుగా, దీర్ఘంగా, నీళ్ల మీద పాకుతూ. జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. సరుకు ఓడ హారను కొడుతోంది. ఆగింది. మళ్లీ కొట్టింది. ఇంకా దీర్ఘంగా మళ్లీ కొట్టింది. బుజ్జికి బదులిస్తోంది!

కోటంతా హోరెత్తిపోయింది. మైకమ్మ రెండు చేతులూ ఓడ వైపు చాచి ఊపింది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా పొగ మసి.

"ఏం చేద్దామమ్మా? పాపం అంత దూరంనుంచి పలకరిస్తున్నాడు" అన్నాడు మాస్టారు రొప్పుతూ.

"ఏం చేసేదేమిటి మాస్టారూ, తడిగుడ్డ అందుకోండి!" అంది మైకమ్మ. "ఇంకోసారి నింపుదాం!"